బొగ్గుముద్దలో బెజ్జం

గూళూరు దాటినాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మిషను నోట్లో నుంచి మూరెడు పొడుగు, నా ముంజేయంత లావు ఉన్న నల్లటి కట్టె ఒకటి మెల్లగా జారుకుంటూ బయటికి వచ్చింది. దాని నడుమ ఈ చివర నుంచి ఆ చివర దాకా గుండ్రటి బెజ్జం. ఆ బెజ్జాన్ని చూసి నేను "ఇది నాది!" అని అరిచేసినాను. షెడ్డులో పని చేస్తున్నవాళ్ళంతా తిరిగి చూసినారు. నా వస్తువేదో మిషను కింద పడిందనుకొని ఒకాయన వంగి వెతికినాడు కూడా. అరవై దాటిన మనిషిని, మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకునేదాన్ని, ఆ పొద్దు మాత్రం మిషను చుట్టూ రెండు సార్లు తిరిగినాను.

నిజానికి నేను అక్కడికి పోయింది సంతోషపడడానికి కాదు, తప్పు పట్టడానికి. చిక్కబళ్ళాపురలో మా ఇంటి వెనక గుట్ట మీద అడివిని పల్చన చేస్తున్నారు. ఒత్తుగా పెరిగిన చెట్లలో కొన్ని కొట్టి, లావు మొద్దులు లారీల్లో తీసుకపోయి, కొమ్మా రెమ్మా ఆకూ తొక్కూ అక్కడే కుప్పలేసి నిప్పు పెట్టేవాళ్ళు. ఆరేసిన బట్టలకు మసి, గొంతులో మంట. నేను అడివి ఆఫీసుకు అర్జీ రాసినాను. ఒకటి కాదు, నాలుగు. అన్నీ ముత్యాల్లాంటి కన్నడ అక్షరాలతో. మూడో అర్జీ ఇయ్యను పోయినప్పుడు మొదటి అర్జీ అక్కడి గుమాస్తా టేబులు మీదనే ఉంది, దాని నడిమధ్యన టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. ఆ మరక ఎంత ఉందో, ఏ వాక్యం మీద పడిందో ఇప్పుడు అడిగినా చెప్పగలను. నాలుగో అర్జీకి జవాబు వచ్చింది. ఆ చెత్తనంతా ఇప్పుడు గూళూరు పక్కకు తోలుతున్నామనీ, అక్కడ దాంతో పొయ్యికట్టెలు చేస్తున్నారనీ, అనుమానముంటే పోయి చూసుకోమనీ. ఈ ముసలామె యాడ పోతుందిలే అనుకునే రాసింటారు. మరుసటి పొద్దునే మొదటి బస్సుకు బయలుదేరినాను.

షెడ్డు నడిపేది రూప అనే పిల్ల, బాగేపల్లి పిల్ల. నా అరుపు విని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా? చెయ్యి కాలిందా?"

"ఈ బెజ్జం ఎందుకు పెట్టినారు?"

"అది లేకుంటే లోపలికి గాలి పోదు గదమ్మా. పైపైన కాలి బూడిద కట్టుకుంటాది, లోపల అట్లనే ఉండిపోతాది. బెజ్జముంటే లోపలా బయటా ఒకే తీరున మండుతాది. చింతామణి, శిడ్లఘట్ట పట్టునూలు తీసే రీలర్లంతా మా దగ్గరే తీసుకుంటాండారు. పట్టుగూళ్ళు ఉడికించే నీళ్ళకు సెగ ఒకే తీరున ఉండల్ల గదా."

అది నాకు చెప్తోంది ఆ పిల్ల! పట్టుగూళ్ళ నీళ్ళ గురించి నాకు!

"ఇది కనిపెట్టింది ఎవురు?" అని అడిగినాను.

"ఎవురో బయటి దేశమోళ్ళంట."

"నీకెవురు చెప్పినారు?"

"మిషను అమ్మినాయన."

"ఆయనకేం తెలుసు? కుర్చీ ఉంటే ఇటు ఎయ్యి, నేను చెప్తా" అన్నాను. పాపం, ఆ పిల్ల కుర్చీ వేసింది. మిషను ఆపి మరీ విన్నది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు చింతామణికి ఈ పక్కన, బస్సు దిగి కొంచెం దూరం నడవాల. ముందు ఇల్లు, వెనక చరకా కొట్టం. కొట్టంలో మట్టి పొయ్యి, దాని మీద బాణలి, బాణలిలో కాగే నీళ్ళలో పట్టుగూళ్ళు. మా అమ్మ ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి గూళ్ళ నుంచి పోగులు పట్టి ఇస్తే, మా నాయన చరకా తిప్పేవాడు. పొద్దున్నే లేస్తే మొదట ముక్కుకు తగిలేది ఉడికిన పురుగుల వాసన. మాకు అది కాఫీ వాసన మాదిరి అలవాటే. బయటివాళ్ళకు కాదు. బడిలో నా పక్కన కూర్చోమంటే ముక్కు మూసుకున్న పిల్ల పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను, ఆమె మనవరాళ్ళు చదువుతారు. మా అమ్మ వేళ్ళ కొనలు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉండేవి. నా జడ అల్లేటప్పుడు ఆ వేళ్ళు మెడకు తగిలితే వెచ్చగా, మెత్తగా ఉండేవి.

పొయ్యి మాత్రం మా అవ్వ చేతిలో. నాయన తల్లి. కాళ్ళు చాపుకొని, నోట్లో ఆకూ వక్కా వేసుకొని, పొద్దు పుట్టినప్పటి నుంచి పొద్దు కుంకే దాకా పొయ్యి ముందు కూర్చునేది. నీళ్ళు చల్లబడితే పోగు తెగుతుంది, మరీ మరిగితే గూడు చీకిపోయి ముద్దముద్దగా ఊడి వస్తుంది. అవ్వ బాణలిలోకి తొంగి కూడా చూసేది కాదు. ఆవిరి మొహానికి తగిలే తీరును బట్టి ఒక పుల్ల ముందుకు తోసేది, ఒక పుల్ల వెనక్కి లాగేది. ఒక్క పుల్ల వ్యర్థమైతే ఆమెకు ఆ పూట తిండి సయించేది కాదు. చీపురు పుల్ల విరిగినా కొంగున కట్టుకొని పొయ్యి దగ్గరికి తెచ్చేది.

నాకు పదేళ్ళున్నప్పుడు కట్టెలు దొరకడం కష్టమైంది. అదే ఏడు గుట్ట మీది నీలగిరి తోపును పల్చన చేసినారు. మొద్దులు లారీ ఎక్కినాయి. కొనలు, రెమ్మలు, తొక్కు అంతా మోకాలెత్తు పరుచుకొని ఉండిపోయింది. అవ్వ నన్ను వెంటబెట్టుకొని గార్డు దగ్గరికి పోయింది.

"ఆ కసువు ఏం చేసుకుంటావవ్వా? పేపరు మాదిరి బగ్గున మండి ఆరిపోతాది" అని నవ్వినాడు గార్డు.

"నీకెందుకప్పా? ఎత్తుకపోనియ్."

అవ్వకు ఒక ఉపాయం తెలుసు. ఆమె పుట్టినింటి పక్కన కమ్మరి కొలిమి ఉండేది. అక్కడ బొగ్గు ఎట్లా కాలుస్తారో చిన్నప్పుడే చూసింది. కొట్టం వెనక నడుంలోతు గుంత తవ్వించి, మేము మోసుకొచ్చిన రెమ్మలన్నీ ఒత్తుగా పేర్చి, పైన పచ్చి ఆకు, ఆ పైన పొగ పోను బెజ్జాలు వదిలి మట్టి కప్పి, ఒక మూల నిప్పు పెట్టింది. దాని పక్కనే పీట వేసుకొని పొగను చూస్తూ కూర్చుంది. తెల్లపొగ ఉన్నంతసేపూ కదలలేదు. పొగ పల్చబడి నీలంగా తిరగ్గానే లేచి బెజ్జాలన్నీ మట్టితో మూయించేసింది. ఇంటి నిండా, బట్టల నిండా, మజ్జిగలో కూడా నీలగిరి వాసనే. గుంత తీస్తే పెన్సిలు ముక్కల మాదిరి సన్నటి బొగ్గు! చేత్తో పట్టుకుంటే గలగలమన్నది. నేను ఎగిరినాను. అవ్వ కూడా పీట మీద నుంచి అరచేతులు చరిచింది.

కానీ సన్నబొగ్గు పొయ్యిలో నిలవదు, సందుల్లో నుంచి రాలిపోతుంది. అందుకని దాన్ని దంచి, చెరువు ఒండ్రూ రాగి గంజీ కలిపి పిసికి ముద్దలు చేయాలన్నది అవ్వ. ఇక్కడే పొరపాటు జరిగింది. మా వైపు ఆడవాళ్ళ చేతికి ముద్ద అంటే ఒకటే ముద్ద. చెయ్యి తడి చేసుకొని, అరచేతిలో తిప్పి తిప్పి, ఎక్కడా పగులు లేకుండా నున్నగా, గుండ్రంగా చేసిన రాగిముద్ద. అవ్వా అమ్మా గోనెపట్ట మీద కూర్చొని అచ్చం అట్లాంటివే వరుసలు వరుసలుగా చేసి పెట్టినారు. ఎవరి ముద్ద నున్నగా ఉందని పోటీ కూడా. అంత నున్నగా ఉంటే గాలి యాడ దూరుతుందని ఇంత మందిలో ఒక్కరికీ తోచలేదు.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, అప్పుడే హైస్కూలు ముగించి ఇంట్లో ఉన్నాడు. పని ముట్టేవాడు కాదు, మాట మాత్రం ముందు వచ్చేది. "ముద్దలు రెడీ అయినాయే! సారు యాడ ఉండాది వదినా?" అని ముద్దలో పోసుకునే పులుసు అడిగి నవ్వినాడు. అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం కోపం వచ్చింది. తలమీద రెమ్మలు మోసి మెడ పట్టుకుపోయింది నాకు, ఆయనకు కాదు.

ఆ మధ్యాహ్నం తిండి దగ్గర ఇంకో గొడవ. ముద్ద నడుమ వేలు గుచ్చి, ఆ గుంతలో సారు పోసుకొని తినడం నాకు అలవాటు. అవ్వకు అది గిట్టదు. ముద్దను అంచు నుంచి తుంచుకోవాల, గుంత పెట్టకూడదు. ఆ పొద్దు చిన్నాయన చూస్తుండగానే నా చెయ్యి మీద ఒకటి వేసింది. "ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు? తినే ముద్దకు బెజ్జాలు పొడుస్తావా?" చిన్నాయన పగలబడి నవ్వినాడు. తిండి సగంలో లేచి వెనక్కి పోయినాను. అక్కడ నా వంతుకు నేను చేసిన బొగ్గుముద్దల వరుస ఉంది, ఇంకా పచ్చిగానే. తినే ముద్దకు పొడవకూడదు కదా, దీనికైతే ఎవరేమంటారు అని ఒక్కొక్క ముద్దకూ ఈ పక్క నుంచి ఒకసారి, ఆ పక్క నుంచి ఒకసారి వేలు దింపినాను. లోపల రెండు బెజ్జాలూ కలిసేదాకా. వరుసంతా పొడిచి చేతులు కడుక్కున్నాక మనసు చల్లబడింది. అన్నీ మిద్దె మీద ఎండినాక అవ్వ గంపలో పోసింది. నా వరుస అడుగున పడింది, ఎవరూ చూడలేదు.

తరువాత ముసురు పట్టింది. నాయన మార్కెట్టు నుంచి గంపల నిండా గూళ్ళు తెచ్చిన మరుసటి రోజే మొదలైంది. ఎండ ఉంటే గూళ్ళను ఎండలో పోసి లోపలి పురుగును చంపొచ్చు. ఎండ లేదు. వెంటనే నూలు తీయాల, లేదంటే పురుగుకు రెక్కలొచ్చి గూడు కొరుక్కొని బయటికి వస్తుంది. కొరికిన గూడుకు పోగు రాదు. ఉన్న కట్టెలు తడిసి బుసబుసమని పొగే తప్ప మంట లేదు. అవ్వ ఒక గూడు చెవి దగ్గర పెట్టుకొని ఆడించి, "ఇంక రెండు దినాలురా" అన్నది. నాయన మొహం చూస్తే నాకు భయమైంది. "ఈ గూళ్ళు పోతే చరకా అమ్మేసి పరాయోళ్ళ బాణలి కాడ కూర్చోవల్సిందే" అన్నాడు. అమ్మ చేతులు కొంగుతో తుడుచుకుంటూనే ఉండింది.

బొగ్గుముద్దలు వేసినారు. పైన ఎర్రగా అయి, బూడిద కప్పుకొని, ముసుగు తన్ని నిద్రపోయినట్టు ఊరకైపోయినాయి. నాయన ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడినాయి. నీళ్ళు గోరువెచ్చగా కూడా కాలేదు. చిన్నాయన వాకిట్లో నిలబడి "నేను చెప్పలేదా? సారులో అద్దుకొని తినాల్సిందే" అన్నాడు. నాయన గంప ఎత్తి ముద్దల్ని వాకిట్లోకి విసిరి కొట్టినాడు. అవ్వ మాత్రం గంపను లాక్కొని, అడుగున మిగిలినవి పొయ్యిలో వేసి, నిప్పు కలిపి, మళ్ళీ కాళ్ళు చాపుకొని కూర్చుంది.

నేను తలుపు చాటున ఉన్నాను. మొదట ఒక ముద్ద బెజ్జంలో నుంచి సన్నగా నీలం మంట నిలబడింది. దాని పక్కది, దాని పక్కది. పొయ్యి నిండా చిన్న చిన్న దీపాలు వెలిగించినట్టు! పొగ లేదు. లోపలంతా ఎర్రగా కణకణ. బాణలి అడుగున నీళ్ళు చిటచిటమన్నాయి. నాయన ఊదుగొట్టం కింద పెట్టి, ఒక ముద్దను కమ్మీతో బయటికి లాగి చూసినాడు.

"వీటికి బెజ్జాలు పొడిచిందెవురు?"

దెబ్బలు పడతాయని గడ్డివామి వెనక్కి పరిగెత్తినాను. అవ్వ వానలో తడుస్తూ వచ్చి నా చెయ్యి పట్టుకొని, వేలు తిప్పి చూసింది. గోరు కింద ఇంకా నలుపు ఉంది. ఆ పొద్దు తిండి దగ్గర కొట్టిన చెయ్యి అదే. ఆ వేలిని తన కొంగుతో తుడిచి, "రాయే, ఇంకా శానా పొడవల్ల" అన్నది, అంతే.

వాకిట్లో పడినవాటినంతా ఏరుకొచ్చి, పొయ్యి పక్కన ఆరబెట్టి, గట్టిపడినవాటికి కమ్మీతో బెజ్జాలు దించినాము. కొన్ని పగిలినాయి, మిగిలినవి చాలినాయి. కమ్మీతో పొడిచినవాటికి సన్నబెజ్జం, నా వేలితో పొడిచినవాటికి కొంచెం పెద్దది. రెండు పగళ్ళూ చరకా ఆగలేదు. నీళ్ళు ఎంత బాగా కాగినాయంటే అమ్మ ఒక్క పోగు తెగనీయలేదు, పాట కూడా ఎత్తుకుంది. చివరి గంపలో మూడే మూడు పురుగులు రెక్కలతో బయటికి వచ్చినాయి. వాటిని అరచేతిలో పెట్టుకొని నాయన చిన్నపిల్లోని మాదిరి నవ్వినాడు. అంత సంతోషం ఆ కొట్టంలో నేను మళ్ళీ చూడలేదు.

ముసురు విడిచినాక పట్టుశాఖ వాళ్ళ రేష్మె ఆఫీసరు ఒకాయన జీపులో కెమెరా వేసుకొని వచ్చినాడు, ఆ నోటా ఈ నోటా విని. అమ్మ నాకు తల దువ్వి, మంచి పావడ కట్టింది. నా వరుసలో మిగిలిన ఒకే ఒక ముద్దను రెండు చేతులతో పట్టుకొని వాకిట్లో నిలబడినాను. "ఇదు యారు మాడిద్దు?" అని కన్నడంలో అడిగినాడు ఆయన, ఇది చేసింది ఎవరని. నేను నోరు తెరిచేలోగా చిన్నాయన ముందుకు వచ్చినాడు. "నానే సార్." నేనే అన్నాడు! "ఏయ్ పాపా, పక్కకు జరుగు" అని నా చేతిలో ముద్ద తీసుకొని ఫోటోకు నిలబడినాడు. అవ్వకు ఆ కన్నడం అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆయన వేరే కాపురం పెట్టినాక నేను ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పెండ్లిండ్లకు పోయినాను, చావులకు పోయినాను, నిలబడి తిరిగి వచ్చినాను. ఆ ఫోటో ఉన్న గోడ పక్కకు కూడా చూసేదాన్ని కాదు.

ఇదంతా విని రూప లేచింది. తరువాత మిషను దగ్గరికి పోయి ఆ మూరెడు కట్టెను గుడ్డలో చుట్టి నా చేతికి ఇచ్చింది. "ఆయన ఉండాడామ్మా?" అని అడిగింది. ఉన్నాడు. చింతామణిలోనే ఉన్నాడు. నేను ఇంటికి పోలేదు, నేరుగా చింతామణి బస్సు ఎక్కినాను.

బస్సులో ఆ కట్టె ఒళ్ళో పెట్టుకొని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. మేము నెలల కొద్దీ మోసిన రెమ్మల్ని ఆ మిషను ఒక పూటలో నమిలేస్తుంది. రూప దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డలు. మా అవ్వ చేతిగీతల్లో నలుపు ఆమె పోయేదాకా పోలేదు. ఇప్పుడు తరాజు లేకుండా ఏదీ కదలదు, అప్పుడు అవ్వ ఆవిరిని మొహంతో కొలిచేది. ఇది మేలా అది మేలా అంటే ఇదే మేలు, నాకేం అనుమానం లేదు. ఆ పొయ్యి పొగలో ఊది ఊది నాయన కళ్ళు ముందే పాడైనాయి. కానీ గుట్ట మీది కసువులో నిప్పు దాగుందని ముందు చూసింది మేము. ఆ మాట ఎవరైనా చెప్పాల కదా?

చిన్నాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పళ్ళు లేవు, చూపు మాత్రం బాగానే ఉంది.

"ఏం సరోజా, దారి తప్పినావా?"

"తప్పింది నువ్వు, నేను కాదు" అని గుడ్డ విప్పి కట్టెను ఆయన ఒళ్ళో పెట్టినాను. "సూడు. ఊరూరికీ పోతాండాది ఇది. దీని నడుమ ఏముండాదో సూడు."

ఆయన కట్టెను కంటికి ఆనించి, బెజ్జంలో నుంచి వీధిని చూసినాడు. లేచి లోపలికి పోయి, ఫోటో కింది గూట్లో నుంచి ఏదో తెచ్చి నా ముందు పెట్టినాడు. నున్నటి బొగ్గుముద్ద. నా చేతిలో నుంచి లాక్కున్నదే. ఇన్నేండ్లూ అక్కడే ఉంది!

"దీనికి బెజ్జం పెట్టిందెవురు? చెప్పు చిన్నాయనా."

ఆయన తన వేలు దూర్చి చూసినాడు. గోరు కూడా దిగలేదు. "నాది పట్టదు" అని ముద్దను నా చేతికి ఇచ్చినాడు. నేను దూర్చినాను. వాచిన కణుపు, నాదీ పట్టలేదు. ఆయన పకపకా నవ్వినాడు. "నీదీ పట్టలేదే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అప్పుడు నాకు పదేండ్లు! పదేండ్ల ఏలు అది!"

"నేనూ అదే గదే చెప్తాండేది. ఆ ఇంట్లో పదేండ్ల ఏలు నీది కాక ఇంకెవురిది ఉండె?"

ముద్దను ఆయన ముందుకు జరిపినాను. "మరి ఆ పొద్దు ఆ ఆఫీసరుకు ఎందుకు చెప్పలేదు?"

"ఆయన కన్నడంలో అడిగె. మా అమ్మకు రాదు, అన్నకు సరిగా రాదు. వచ్చేది నాకే అని మిడిసిపడి నిలబడినా. నోట్లోకి 'నానే' వచ్చేసె. వచ్చినాక ఎనక్కి యాడ తీసుకునేది? ఫోటో కూడా తీసేసినారు."

ఆయన కోడలు మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి, నేను ముట్టనని తెలిసి కూడా అక్కడే నిలబడింది.

"ఇప్పుడు ఎనక్కి తీసుకో" అన్నాను. "కన్నడంలోనే."

చిన్నాయన గోడ పట్టుకొని లేచి నిలబడినాడు. పంచె సర్దుకున్నాడు. ముద్దను అరచేతిలో పెట్టుకొని, వీధిలో జీపు నిలబడి ఉన్నట్టు అటు తిరిగి, గట్టిగా చెప్పినాడు.

"నానల్ల సార్. అవళే. అవళే మాడిద్దు."

నేను కాదు, ఆమెనే చేసింది అని. వీధిలో స్కూటరు మీద పోతున్నాయన ఆగి చూసినాడు. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పినాడు. అప్పుడు గ్లాసు ఎత్తి మజ్జిగ తాగినాను. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట కూడా చెప్పినాను.